గంజి పెట్టిన యాంటెన్నా

జాండ్రపేటలో సువర్చల ఇల్లెక్కడని అడిగితే ఎవరూ వీధి పేరు చెప్పరు. "కాకి కూడా ఎక్కడ వాలాలో తోచక తిరిగిపోయే డాబా ఒకటి కనబడుతుంది, అదే" అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. ఆ డాబా మీద వెదురు గెడలు, గెడల మధ్య రాగి తీగలు, గొడుగు ఊచలు విప్పి కట్టిన చక్రాలు, టైర్లు లేని సైకిల్ రిమ్ములు, ప్లాస్టిక్ పైపులకు చుట్టిన తీగచుట్టలు ఉంటాయి. అన్నీ కలిపి చూస్తే పెళ్ళివారు సగం కట్టి వదిలేసిన పందిరిలా ఉంటుంది. "పంతులమ్మగారూ, మీ తీగ మీద రెండు దుప్పట్లు ఆరేసుకోమా?" అని వీధిలో ఆడవాళ్ళు అడుగుతుంటారు. "ఆ చివరి తీగ మీద వేసుకోండి, అది ఎలాగూ పనిచెయ్యడంలేదు" అంటుంది సువర్చల.

ఆమె పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. లైసెన్సు పుచ్చుకుని, ఇంట్లోనే రేడియో పెట్టుకుని, ముక్కూ మొహం తెలియనివాళ్ళతో ఊసులాడే సరదా మనుషులు కొందరుంటారు. హామ్‌లంటారు వాళ్ళని. సువర్చలా, ఆమె భర్త సుదర్శనమూ ఆ కోవకు చెందినవాళ్ళే. రేడియో కొనుక్కున్నా తప్పులేదు గాని యాంటెన్నా మాత్రం సొంత చేత్తో కట్టుకోవాలన్నది సుదర్శనం సిద్ధాంతం. "బజార్లో వండిన కూర తినొచ్చు, బజార్లో దొరికిన చెవి పెట్టుకుంటామా?" అనేవాడు.

ఇరవై రెండేళ్ళ కిందట పెద్ద తుఫాను వచ్చింది. నిజాంపట్నం దిక్కున ఒక పల్లెకు దారీ లేదు, ఫోనూ లేదు. సుదర్శనం తన సెట్టూ ఒక బ్యాటరీ పట్టుకుని పడవలో అక్కడికి వెళ్ళాడు. అక్కడి కబుర్లు ఆయన పంపడం, ఇక్కడ డాబా గదిలో కూర్చుని సువర్చల అందుకుని అధికారులకు చేరవెయ్యడం. రెండో రోజు మధ్యాహ్నం ఆయన గొంతు వినబడింది. "సువర్చలా, ఒక ముఖ్యమైన సంగతి..." అన్నాడు. సరిగ్గా అప్పుడే డాబా మీద ఫెళ్ళుమంది. తూర్పు గెడ విరిగి యాంటెన్నా నేలపాలైంది. ఆ తర్వాత వినబడిందంతా హోరే. "అందలేదండీ, మళ్ళీ చెప్పండి! అందలేదు!" అని ఆమె అరిచింది. ఆ మాట ఆయనకు చేరిందో లేదో కూడా తెలియదు. ఆ సాయంత్రం పల్లెలో మిగిలిన నలుగురిని తీసుకురావడానికి ఆయన వెళ్ళిన పడవ బోర్లాపడింది. నలుగురూ ఈదుకొచ్చారు. ఆయన రాలేదు.

తాళి కట్టినవాడికి తాను చెప్పిన ఆఖరి మాట 'అందలేదు' అన్నది. అన్నం తినేటప్పుడు, పాఠం చెప్పేటప్పుడు, కొళాయి దగ్గర బిందె నిండేటప్పుడు, ఎప్పుడు పడితే అప్పుడు ఆ మాట ఆమెను పొడుస్తూ ఉండేది. ఆ ముఖ్యమైన సంగతి ఏమిటన్నది ఇంకో ముల్లు. చెప్పుకోలేని అప్పేదైనా ఉందా? రాబోయే చావు ముందే తెలిసిందా? అప్పటినుంచీ ఆమె యాంటెన్నాలు కడుతూనే ఉంది.

పక్కింటి మృత్యుంజయం నేతగాడు. గుంటమగ్గం మీద యాభయ్యేళ్ళ నుంచి కాళ్ళాడిస్తున్న మనిషి. ఒకరోజు సువర్చల ఒక బుట్టెడు సన్నటి రాగి తీగ తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టింది.

"అన్నయ్యగారూ, నూలూ తీగా కలిపి నాకో గుడ్డ నేసిపెట్టాలి. పడుగులో పోగు విడిచి పోగు రాగి. పేకలోనూ అంతే. దుప్పటంత వెడల్పు, రెండు చీరలంత పొడుగు."

మృత్యుంజయం తీగను వేళ్ళతో నలిపి చూశాడు. "జరీ నేశాను, పట్టు నేశాను. కరెంటు గుడ్డ నెయ్యడం ఇదే మొదలు. కట్టుకునేవాళ్ళకి షాకు కొట్టదుగా?"

"కట్టుకునేది ఆకాశం లెండి."

నెలన్నరకు గుడ్డ తయారైంది. చేతిలోకి తీసుకోగానే సువర్చల మొహం మాడిపోయింది. గుడ్డ పెళపెళమంటోంది.

"గంజి పెట్టారా?"

"పెట్టక? గంజి లేని పడుగు మగ్గమెక్కుద్దా? మా ఇంటావంటా లేదు."

ఆమెకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. తీగ మీద తీగ పడ్డ ప్రతిచోటా రెండూ ఒకదాన్నొకటి తాకాలి. అలా తాకితేనే అది యాంటెన్నా అవుతుంది. ఇప్పుడు ప్రతి కూడలిలోనూ సన్నటి గంజి పొర అడ్డం కూర్చుంది. పడ్డ శ్రమ గంజినీళ్ళపాలయిందని తిట్టుకుంటూనే, తెచ్చినందుకు ఒకసారి కట్టి చూద్దామని డాబా మీద రెండు గెడల మధ్య తెరచాపలా బిగించింది. ఎటు కావాలంటే అటు తిప్పుకోవడానికి కింద పాత ఎడ్లబండి చక్రం అమర్చింది.

రిసీవర్ పెట్టగానే ఎవరో మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుతున్నారు. ఆవ నూనె రాయమంటే రాశాను, తగ్గలేదంటున్నాడు. ఆమెకు ఆ గొంతు తెలుసు. చెన్నుపాటి మాస్టారు. తెనాలి హామ్. ఆయన పోయి ఏడేళ్ళయింది.

వెతకబోయిన తీగ కాలికి తగలడమంటే ఇదే.

ఆమె ఆ ఏడాదంతా డాబా దిగలేదు. రేడియో మాటలన్నీ ఎగిరిపోయి మాయమవవని ఆ గుడ్డ వల్ల తెలిసింది. కొన్ని ఆకాశంలోని పై పొరల మధ్య ఇరుక్కుంటాయి. దారి తప్పిన గేదెలాగా తిరిగి తిరిగి, ఎన్నాళ్ళకో బయలుదేరిన చోటికి వస్తాయి. సూర్యుడి మీద మచ్చలు పెరిగి, తరిగి, రెండు ఆవృత్తాలు పూర్తయి, మళ్ళీ మొదటికి రావడానికి దాదాపు ఇరవై రెండేళ్ళు పడుతుంది. ఈ మాటల రాకా ఆ లెక్కనే ఉంది. వచ్చేసరికి అవి ఎంత నీరసించిపోతాయంటే మామూలు యాంటెన్నాకు అవి ఉన్నట్టే తెలియదు. గంజి పొరల మధ్య వేలవేల తీగ కూడళ్ళు, ఒక్కొక్కటీ చిటికెడు చొప్పున పోగుచేసి, ఆ మాటను నిలబెడుతున్నాయి. గంజి లేకుండా ఇంకో గుడ్డ నేయించి చూసింది. అది దుప్పట్లు ఆరేసుకోవడానికి తప్ప దేనికీ పనికిరాలేదు.

సుదర్శనం మాట ఏ రోజు, ఏ దిక్కు నుంచి వస్తుందో లెక్క తేలింది. కార్తీకంలో, ఒక మధ్యాహ్నం, ఆగ్నేయం నుంచి. రెండు మూడు నిమిషాల కంటే ఉండదు. ఈ తడవ పోతే మరో ఇరవై రెండేళ్ళు. అప్పటికి ఆమెకు ఎనభై దాటుతాయి, ఆ మాటలోనూ వినబడేంత సత్తువ మిగలదు.

ఎంత సంతోషించిందో అంత దూరమైపోయింది మనుషులకు. ప్రతి ఉదయం తెలుగు హామ్‌లంతా ఒక చోట కలుసుకుని ఒకరి క్షేమం ఒకరు కనుక్కుంటారు. దాన్ని నెట్ అంటారు. ఒకరికి వినబడనిది మధ్యలో ఇంకొకరు విని, పొల్లుపోకుండా అందిస్తారు, అది రిలే. అందుకున్నవాళ్ళు ఆ మాటలన్నీ తిరిగి అప్పజెప్పి 'అందింది' అంటేనే ఆ పని పూర్తయినట్టు. సుదర్శనం పెట్టిన ఆనవాయితీయే అది. అలాంటి నెట్‌కు సువర్చల రావడమే మానేసింది. ఒకనాడు మృత్యుంజయం ఉండబట్టలేక అనేశాడు.

"పంతులమ్మగారూ, కోపం తెచ్చుకోబాకండి. పోయినోళ్ళ మాటలినే పన్లో పడి, ఉన్నోళ్ళు పిలిస్తే పలకట్లేదు మీరు. మా ఆవిడ నాలుగుసార్లు కేకేసింది నిన్న, పప్పుచారు పట్టుకొని."

సువర్చలకు సిగ్గేసింది. మర్నాడు నెట్‌లోకి వచ్చి, దాచుకోలేక, సంగతంతా చెప్పేసింది. గుడ్డ ఎలా నేయించాలో, గంజి ఎంత చిక్కగా ఉండాలో కూడా అందరికీ చెప్పింది. రెండు నెలలు గడిచి కార్తీకం వచ్చాక, ఒక ఉదయం వేళా దిక్కూ చెప్పి, "వచ్చే శనివారం మధ్యాహ్నం మా ఆయన వస్తున్నారు" అంది, రైలు దిగబోయే మనిషి గురించి చెప్పినట్టు. అవతల ఒకరిద్దరు మాట మార్చి వాన సంగతి ఎత్తుకున్నారు. గద్వాల నుంచి నాగవేణి అనే బడిపంతులమ్మ మాత్రం, "మంచిగ జరగాల అక్కా. మా అమ్మ గూడ నేస్తది. మీ గుడ్డసుంటిది సగం సైజుల నేయించిన. ఇప్పటిదాంక గురగుర తప్ప ఏం రాలే గని, చూస్త" అంది.

శనివారం పొద్దున్నే ముసురు పట్టింది. అల్పపీడనం ఒడ్డుకు దగ్గరవుతోందన్నారు. మృత్యుంజయం మగ్గం మానుకుని డాబా మీద చక్రం దగ్గర గోనెసంచి కప్పుకుని నిలబడ్డాడు. "బావగారొస్తుంటే ఎదురెళ్ళొద్దా?" అన్నాడు. సువర్చల గదిలో కూర్చుంది. తల దువ్వుకుని, పెట్టెలోంచి పాత నీలం చీర తీసి కట్టుకుంది. ఎవరూ చూడరని తెలిసినా.

గుడ్డ ఆగ్నేయానికి తిరిగి ఉంది. ఇంకా కొంచెం వ్యవధి ఉంది కదా అని, అలవాటుకొద్దీ రిసీవర్‌ను అటూ ఇటూ తిప్పింది. జాలరి పడవలకు ఇచ్చిన చిన్న సెట్లు మాట్లాడే చోట చీమ నడిచినంత చప్పుడు.

"...ఎవరైనా ఇంటన్నారా... ఇంజను చెడింది... నీళ్ళొత్తన్నాయ్..."

సువర్చల మైకు అందుకుంది. "వింటున్నాను! ఎవరు మీరు? ఎక్కడ?"

"అమ్మా! కొక్కిలిగడ్డ పోలయ్యనమ్మా, వాడరేవు. అయిదుగురం ఉన్నాం. పొద్దుట్నించి పిలత్తన్నా, ఎవరూ పలకలా. ఏడున్నామో తెలీట్లా, ఒకటే వాన."

ఆమె తీరంలోని స్టేషన్‌కు ఫోన్ చేసింది. వాళ్ళకు ఏమీ వినబడటం లేదు. పెద్ద యాంటెన్నా ఉన్న మరో ఇద్దరు హామ్‌లను అడిగింది. వాళ్ళకూ లేదు. ఆ పడవ సెట్టు బ్యాటరీ కొనఊపిరి మీద ఉంది, దాని గొంతు ఈ గంజి గుడ్డకు ఒక్కదానికే అందుతోంది. గుడ్డను మెల్లగా తిప్పుతూ, ఎటు తిప్పితే గొంతు బాగా నిలుస్తుందో చూస్తే పడవ ఏ దిక్కున ఉందో తెలుస్తుంది. కాని పడవ కొట్టుకుపోతోంది. వెతికేవాళ్ళు దాన్ని చేరేదాకా గుడ్డ దాని వెంట తిరుగుతూనే ఉండాలి.

పడవ ఉన్నది దక్షిణాన. సుదర్శనం వచ్చేది ఆగ్నేయాన.

గోడ గడియారం చూసింది. ఇరవై రెండేళ్ళు ఆగింది, ఇక నాలుగైదు నిమిషాలు. ఆ నాలుగైదు నిమిషాలు వాళ్ళను ఆగమంటే? ఆగుతారు, పాపం. బ్యాటరీ ఆగదు.

"అమ్మా... ఇంటన్నారా? మా మాట అందిందా?"

అందిందా. సువర్చల కళ్ళు గట్టిగా మూసుకుని తెరిచింది.

"అందింది పోలయ్యా. ప్రతి మాటా అందింది. భయపడకండి, నేనిక్కడే ఉన్నాను" అంది. మెట్ల దగ్గరికి పరిగెత్తి పైకి కేకేసింది. "అన్నయ్యగారూ! దక్షిణానికి తిప్పండి!"

మృత్యుంజయం పైనుంచి తొంగి చూశాడు. "అటు కాదమ్మా, బావగారు ఇటేగా..."

"తిప్పండన్నయ్యా!"

చక్రం కిర్రుమంది.

ఆ తర్వాత ఆమె గడియారం వైపు చూడలేదు. "కొంచెం ఎడమకు... ఇంకొంచెం... చాలు" అని పైకి అరుస్తూ, దిక్కు తీసి ఫోన్‌లో చెబుతూ, పోలయ్యను మాట్లాడిస్తూ కూర్చుంది. తాడు కట్టిన గుండు దింపి లోతు ఎన్ని బారలుందో చెప్పమంది. ఆ లోతు ఎక్కడుంటుందో వాడరేవు పెద్దలు ఇట్టే పోల్చుకున్నారు. పొద్దు వాలే వేళకు "అదిగో, పడవ! మనోళ్ళే!" అని పోలయ్య కేక వినబడి, అంతటితో అతని బ్యాటరీ చచ్చిపోయింది. సువర్చల మైకు పక్కన పెట్టి, బల్ల మీద తల ఆనించి, వెక్కి వెక్కి ఏడ్చింది. మృత్యుంజయం తడిసిన కోడిలా మెట్లు దిగి వచ్చి, తన ఇంటి నుంచి వేడివేడి టీ తెచ్చి ఆమె పక్కన పెట్టాడు.

ఆదివారం తెల్లవారగానే పోలయ్య వచ్చాడు, భార్యను వెంటబెట్టుకుని. డాబా ఎక్కి, తడిసి మెత్తబడిన ఆ రాగి గుడ్డ అంచు పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

"నీళ్ళకి భయపళ్ళేదమ్మా. ఎవరికీ ఇనపళ్ళేదే, ఇట్టా ఎవరికీ తెలవకుండా పోతామే అని భయం. మీరు 'అందింది' అన్నారు చూడండి, ఆ ఒక్క మాటకే పానం లేచొచ్చింది. ఒడ్డు సంగతి తర్వాత."

అతని భార్య సువర్చల రెండు చేతులూ పట్టుకుని తన చెంపలకు ఆనించుకుంది. ఆ చెంపల వెచ్చదనం తగిలాక, నిన్న పోయిందనుకున్నదానికి ఇదే బదులైతే ఇంతకంటే అడగనవసరం లేదు అనుకుంది సువర్చల. మనస్ఫూర్తిగానే అనుకుంది. అయినా ముల్లు ముల్లే కదా, లోపల ఎక్కడో కలుక్కుమంటూనే ఉంది.

వాళ్ళు ఉండగానే నెట్ వేళయింది. రిసీవర్‌లో పిలుపు వినబడింది.

"సువర్చలక్కా, ఉన్నరా? గద్వాల నాగవేణి. మీకొక కబురుంది. రిలే."

"ఉన్నాను నాగవేణీ. ఎవరి దగ్గర్నుంచి?"

అవతల ఒక క్షణం గురగుర.

"మీ సారు దగ్గర్నుంచి అక్కా."

సువర్చల కుర్చీ అంచు పట్టుకుంది.

"నిన్న మీరు పడవోళ్ళతోని మాట్లాడుతున్నరని పెద్ద యాంటెన్నాలోళ్ళు రేడియోల చెప్పుకుంటుంటే ఇన్న. అయ్యో, సారొచ్చే యాళ్ళకు అక్క లేదే, ఎవరన్న ఒకరు ఎదురువోవాల గదా అనుకున్న. మీరు చెప్పిన యాళ్ళకు గుడ్డ అటు తిప్పి కూసున్న. మా అమ్మ జొన్నగంజి పెట్టింది దానికి, పని చేస్తదనుకోలే. వచ్చిండక్కా. మంచిగ వచ్చిండు. మా దగ్గర కరెంటు లేదు, బ్యాటరీ మీద ఇన్న. రికార్డు జేసే కంప్యూటర్ నడ్వలే. మా పిల్లల సుద్దముక్క తీస్కొని గోడ మీద రాసిన. నా తెలుగు గాదు, ఆయన అన్నదే అన్నట్టు చెప్తున్న. తీస్కుంటరా?"

"తీసుకుంటాను" అంది సువర్చల. ఆ గొంతు తనదేనా అనిపించింది.

నాగవేణి చదివింది, మాట మాటకూ ఆగుతూ, బడిలో డిక్టేషన్ చెప్పినట్టు.

"'సువర్చలా, ఒక ముఖ్యమైన సంగతి. తూర్పు గెడ తాడు వదులుగా ఉంది. బయల్దేరేముందు బిగిద్దామనుకుని మరిచిపోయాను. గాలి ముదరకముందే బిగించు.' గెడ అంటే ఏందో నాకు తెల్వదక్కా, గట్లనే అన్నడు. 'రెండోది. నువ్వు కట్టిచ్చిన పులిహోర ఇక్కడ అందరికీ తలా ఒక ముద్ద పెట్టాను. నిన్నటినుంచీ ఏమీ తినలేదు వీళ్ళు. ఒక ముసలావిడ నీ పేరడిగింది. ఆ తల్లి చేతికి దండం, చల్లగా ఉండాలి అని నీకు చెప్పమంది. చెప్పాను. ఉప్పు తగ్గిందని మాత్రం నేను చెప్పను. అందిందా?'"

నాగవేణి మళ్ళీ తన మాటల్లోకి వచ్చింది.

"అందిందా అని మూడు సార్లు అడిగిండక్కా. ఆకరికి జర నవ్విండు. 'సరేలే, ఇంటికొచ్చి చెబుతాను' అన్నడు. గంతే. ఇగ ఏం లేదు. మీరు తిరిగి చెప్పుర్రి, గోడ మీద సరిచూస్కుంట."

గదిలో పోలయ్య, అతని భార్య, గుమ్మంలో మృత్యుంజయం. అప్పు కాదు, ఆపద కాదు, వీడ్కోలు కూడా కాదు. ఒక తాడు, ఒక పులిహోర ముద్ద, పేరు తెలియని ముసలావిడ దీవెన. ఇరవై రెండేళ్ళు అది ఆకాశమంతా తిరిగి, గద్వాలలో ఒక గోడ మీద దిగి, ఇప్పుడు ఇంటికొచ్చింది. ఇంటికొచ్చి చెబుతానన్న మనిషి మాట తప్పలేదు.

సువర్చల మైకు నొక్కింది. తనలో తాను నవ్వుతోందో, ఏడుస్తోందో ఆమెకు తెలియడం లేదు. "ఒక ముఖ్యమైన సంగతి" దగ్గర మొదలుపెట్టి ఒక్కో మాటా తిరిగి అప్పజెప్పింది. గెడ తాడు చెప్పింది. పులిహోర చెప్పింది. ముసలావిడ దండం చెప్పేటప్పుడు తనకు తెలియకుండానే చేతులు జోడించబోయి, మైకు ఉందని గుర్తొచ్చి ఆగింది. ఉప్పు సంగతి కూడా వదలకుండా చెప్పింది. "తప్పు లేదక్కా, అన్నీ సరిగనే ఉన్నయి" అంది నాగవేణి మెల్లగా.

"నాగవేణీ, నీ రుణం తీర్చుకోలేనమ్మా. మీ అమ్మగారి జొన్నగంజికి దండం పెట్టానని చెప్పు."

"చెప్త. గని అక్కా, ఆకరి మాట మిగిలింది."

"తెలుసు" అంది సువర్చల. అది నాగవేణికి చెప్పవలసింది కాదు. ఆమె మృత్యుంజయం వైపు చూసింది. ఆయనకు ఎవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది. గబగబా మెట్లెక్కాడు. పైన చక్రం కిర్రుమంది, గుడ్డ ఆగ్నేయానికి తిరిగింది.

సువర్చల మైకును నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"అందిందండీ" అంది.

మైకు బల్ల మీద పెట్టి, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, డాబా ఎక్కి తూర్పు గెడ తాడు బిగించింది.